హంసల పురిటిల్లు

నీటి ఒడ్డున రెల్లు దుబ్బుల మధ్య నూట యాభై దాకా గూళ్లు. ఒక్కో గూట్లో అరడజను గుడ్లు. వాటి మీద కదలకుండా కూర్చున్న తల్లి హంసలు, రెక్కలు విప్పి పహరా కాస్తున్న తండ్రి హంసలు... మే నెల మధ్యలో ఇంగ్లండ్‌లోని ఆబట్స్‌బరీకి వెళితే కనిపించే దృశ్యమిది. ఏడాదిలో ఆరు వారాలు మాత్రమే ఉండే ఆ సంబరాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం పిల్లాపాపలతో తరలివస్తారు.

ముందు శబ్దం వినిపిస్తుంది. సన్నటి, చిన్నటి కూత. ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాదు. గూటి మీద కూర్చున్న తల్లి హంస మాత్రం వెంటనే గుర్తుపడుతుంది. పొడవాటి మెడను కిందికి వంచి, ముక్కును పొట్ట కిందికి పోనిచ్చి, గొంతులోనే ఏదో గొణుగుతుంది. ఆ కూత గుడ్డులోంచే వస్తోంది మరి! పెంకు ఇంకా పగలకముందే లోపలి పిల్ల పిలుస్తుంది, బయటి తల్లి పలుకుతుంది. లోకాన్ని చూడటానికి ఒకట్రెండు రోజుల ముందే తల్లీబిడ్డల మధ్య మాటలు మొదలైపోతాయన్నమాట.

ఆ తర్వాత పెంకు మీద చిన్న నెర్రె. పిల్ల ముక్కు చివర గట్టిగా, పన్నులాంటి చిన్న బొడిపె ఉంటుంది. దాంతో లోపలి నుంచి పొడుస్తూ పొడుస్తూ, కాసేపు అలిసి ఆగిపోతూ, మళ్లీ పొడుస్తూ గంటల తరబడి కష్టపడితే గానీ బయటపడదు. తల్లి సాయం చెయ్యదు. వేడి మాత్రం తగ్గనివ్వదు. చివరికి తడిసి ముద్దయిన బూడిద రంగు ఉండ ఒకటి బయటికి దొర్లుతుంది. బరువు పావుకిలో కూడా ఉండదు. గంటా రెండు గంటల్లో నూగు ఆరి, దూదిపింజలా మారి, అమ్మ రెక్క సందులోంచి తల బయటికి పెట్టి చూస్తుంది. కాలిబాట మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్లలంతా అప్పుడు ఒక్కసారిగా ‘అదిగో... అదిగో’ అంటారు.

విందు కోసం మొదలై...

ఆబట్స్‌బరీ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్ కౌంటీలో ఉన్న పల్లెటూరు. అక్కడ సముద్రానికి సమాంతరంగా 29 కిలోమీటర్ల పొడవున గులకరాళ్ల గట్టు ఒకటి ఉంటుంది. పేరు చెసిల్ బీచ్. ఆ గట్టుకీ నేలకీ మధ్య చిక్కుకున్న ఉప్పునీటి కయ్య పేరు ఫ్లీట్. మన పులికాట్‌ని చాలా చిన్నదిగా ఊహించుకుంటే సరిపోతుంది. అలల పోటు ఉండదు. నీటి అడుగున ఈల్‌గ్రాస్ అనే గడ్డి దట్టంగా పెరుగుతుంది. ఒడ్డున రెల్లు. తిండికి తిండి, గూటికి గూడు... హంసలకు ఇంకేం కావాలి?

ఈ సంగతి వెయ్యేళ్ల కిందటే కనిపెట్టినవాళ్లు క్రైస్తవ సన్యాసులు. 1040ల్లో ఇక్కడ మఠం కట్టుకున్న బెనెడిక్టైన్ సన్యాసులు హంసల్ని చేరదీశారు. అయితే ముద్దుకు కాదు, ముద్దలోకి! ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద విందుల్లో హంస మాంసం ఘనమైన వంటకం. మఠానికి వచ్చే గొప్ప అతిథుల కోసం హంస పిల్లల్ని బాగా మేపి బలిపించేవారు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నింటినీ రద్దుచేసినప్పుడు ఆబట్స్‌బరీ మఠమూ కూలిపోయింది. ఆస్తి స్ట్రాంగ్‌వేస్ అనే కుటుంబం చేతికి వచ్చింది. నేటికీ ఆ వంశానికి చెందిన ఇల్‌చెస్టర్ ఎస్టేటే దాని బాగోగులు చూస్తోంది. మఠం పోయింది, విందులు పోయాయి, హంసలు మాత్రం మిగిలాయి.

ఇప్పుడక్కడ ఆరొందలకు పైగా హంసలు. వాటికి రెక్కలు కత్తిరించరు, పంజరాల్లో పెట్టరు. ఎగిరిపోవాలనుకుంటే ఎగిరిపోవచ్చు. అయినా తరాలుగా అక్కడికే వచ్చి గూళ్లు కడుతున్నాయి. వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉంది. ‘స్వాన్‌హర్డ్’... అంటే హంసల కాపరి అన్నమాట. తొలి పిల్ల గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన రోజే వేసవికి మొదటిరోజని ఆనాటి సన్యాసులు నమ్మేవారట. అక్కడివాళ్లు ఆ మాటను ఇప్పటికీ తలచుకుంటూనే ఉంటారు.

గూటి సంసారం

ఆబట్స్‌బరీలో ఉండేది ‘మ్యూట్ స్వాన్’ జాతి. అంటే మూగ హంస. నారింజ రంగు ముక్కు, దాని మొదట్లో నల్లటి బొడిపె దీని గుర్తు. వసంతకాలంలో మగ హంసకు ఆ బొడిపె ఇంకాస్త ఉబ్బుతుంది. పేరుకు మూగే గానీ కోపం వస్తే పాములా బుసకొడుతుంది. పిల్లలతో గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఎగిరేటప్పుడు రెక్కల చప్పుడు లయగా చాలా దూరం వినిపిస్తుంది.

మామూలుగా ఈ హంసలకు ఇరుగుపొరుగు గిట్టదు. ఒక చెరువులో ఒక జంట గూడు కట్టిందంటే ఆ చెరువంతా తనదే అంటుంది. మగ హంస రెక్కల్ని వీపు మీదికి ఎత్తి, మెడను వెనక్కి విరిచి, నీళ్లను చీల్చుకుంటూ వచ్చి పరాయివాళ్లని తరిమేస్తుంది. పన్నెండు కిలోల దాకా బరువు, రెక్కలు చాస్తే రెండు మీటర్లకు పైగా వెడల్పు. ‘హంస రెక్కతో కొడితే మనిషి చెయ్యి విరుగుతుంద’ని ఇంగ్లండ్‌లో పెద్దలు పిల్లల్ని భయపెడుతుంటారు. అది అతిశయోక్తే అయినా దెబ్బ మాత్రం గట్టిగానే తగులుతుంది. అలాంటి పక్షులు ఆబట్స్‌బరీలో అడుగుల దూరంలో, గూడు పక్కన గూడు పెట్టుకుని సర్దుకుపోతాయి. తిండి పుష్కలంగా ఉండటమే దానికి కారణం. అందుకే ఇన్ని గూళ్ల మధ్య నడుస్తూ హంసల్ని చూడగలిగే చోటు ప్రపంచంలో ఇంకొకటి లేదంటారు.

గూడు కట్టడం ఆలుమగల ఉమ్మడి పని. మగ హంస రెల్లునీ పుల్లల్నీ ముక్కుతో లాగి అందిస్తుంటే ఆడ హంస సర్దుకుంటుంది. అలా ఒకటిన్నర మీటర్ల వెడల్పున పెద్ద దిబ్బే తయారవుతుంది. ఏప్రిల్‌లో గుడ్లు పెట్టడం మొదలవుతుంది. రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు. మొత్తం అయిదు నుంచి ఏడు. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. ఒక్కొక్కటి మూడొందల గ్రాములకు పైనే, అంటే అయిదారు కోడిగుడ్ల పెట్టు.

ఇక్కడే ఉంది అసలు తెలివి. మొదటి గుడ్డు పెట్టగానే తల్లి పొదగడం మొదలుపెట్టదు. ఆఖరి గుడ్డు దాకా ఆగుతుంది. అప్పటిదాకా వేడి తగలక లోపల పిండం ఎదగదు. అన్నీ పెట్టాక ఒకేసారి కూర్చుంటుంది. కాబట్టే పది పన్నెండు రోజుల తేడాతో పెట్టిన గుడ్లయినా దాదాపు ఒకే రోజు పొదుగుతాయి. అన్నీ ఒకేసారి పుడితేనే అన్నింటినీ కలిపి నీళ్లలోకి తీసుకెళ్లడం కుదురుతుంది మరి.

మన పెరట్లో కోడిపెట్ట ఇరవై ఒక్క రోజులు పొదిగితే హంస ముప్ఫై అయిదు రోజులకు పైనే కూర్చోవాలి. అన్నాళ్లూ సరిగా తిండి ఉండదు. ముందే ఒంట్లో దాచుకున్న కొవ్వుతో నెట్టుకొస్తుంది. ఎప్పుడైనా కాసేపు మేతకు వెళ్లాలంటే గుడ్ల మీద గడ్డీ ఈకలూ కప్పి వెళుతుంది. ఆ కాసేపూ మగ హంస గూటి దగ్గర నిలబడుతుంది. ఒక్కోసారి తనే గుడ్ల మీద కూర్చుంటుంది కూడా. ముప్ఫై అయిదు రోజుల తర్వాత తల్లి లేచి నిలబడితే బరువు తగ్గిన సంగతి తెలిసిపోతుంది.

అమ్మ వీపే పడవ

పుట్టిన మర్నాడే పిల్లలు గూడు దిగుతాయి. కాళ్లు వచ్చాయి, ఈతా వచ్చు. నేర్పాల్సిన పని లేదు. ఒంట్లో మిగిలిన పచ్చసొన వాటికి మొదటి కొద్ది రోజుల సద్దిమూట. తిండి దొరక్కపోయినా అది కాస్తుంది. అయితే తిండి ఉన్నచోటుకి వెళ్లడం మాత్రం అమ్మానాన్నల వెంటే. పిల్లల మెడ అడుగుకి అందదు. అందుకే పెద్దవి మెడను నీళ్లలో ముంచి గడ్డిని పైకి లాగి పడేస్తాయి. కాళ్లతో నీళ్లను కలియబెడితే అడుగున ఉన్నదంతా పైకి తేలుతుంది. పిల్లలు చుట్టూ మూగి ఏరుకుంటాయి.

అలిసిపోయినా, చలేసినా నేరుగా అమ్మ వీపెక్కేస్తాయి. కాస్త పైకి లేపిన రెక్కల మధ్య వెచ్చగా దూరి, తలలు మాత్రం బయటికి పెట్టి షికారు చేస్తాయి. హంసల్లో అందరికీ నచ్చే దృశ్యం ఇదే. పుట్టగానే కళ్ల ముందు కదిలినదాన్ని తల్లిగా ముద్రవేసుకోవడం ఈ జాతి పక్షుల స్వభావం. బాతు జాతుల్లో ఈ సంగతిని లోతుగా పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆయన వెనకాల బాతుపిల్లలు బారులు తీరి నడిచే ఫొటోలు అప్పట్లో లోకమంతా చూసింది.

నీళ్లలో గండాలు

చూడముచ్చటగా ఉన్న ఈ కాపురంలో గండాలూ ఎక్కువే. గూటి దగ్గర కాస్త ఏమరుపాటు చాలు, కాకులూ గల్ పక్షులూ తన్నుకుపోతాయి. రాత్రిళ్లు నక్కల భయం. ఆటుపోట్లకు నీరు పెరిగితే లోతట్టున కట్టిన గూళ్లలోకి చేరుతుంది. పిల్లలు పుట్టిన వారంలో చలిగాలి, వాన కలిసి వస్తే అంతే సంగతులు. నూగు తడిసి, వేడి చాలక ముడుచుకుపోతాయి.

ఆబట్స్‌బరీకే ప్రత్యేకమైన గండం ఇంకొకటుంది. గూళ్లు పక్కపక్కనే ఉండటంతో పిల్లలు దారి తప్పుతాయి. ఒక తల్లి వెనకాల బయల్దేరిన పిల్ల గుంపులో పడి ఇంకో తల్లి వెనక తేలుతుంది. కొందరు అమ్మానాన్నలు లెక్క చూసుకోకుండా కలుపుకుంటారు. కొందరు పొడిచి తరిమేస్తారు. అప్పుడే రంగంలోకి దిగుతాడు హంసల కాపరి. తప్పిపోయిన పిల్లల్ని జాగ్రత్తగా తీసుకెళ్లి, కంచె వేసిన దొడ్లలో ఉన్న జంటలకు అప్పగిస్తారు. తమ పిల్లలతో పాటు పరాయి పిల్లల్నీ సాకే ఓపికున్న జంటల్ని అందుకు ఎంచుకుంటారు. మేత అందుతుంది, నక్క రాదు. రెక్కలొచ్చాక అందర్నీ వదిలేస్తారు. ఒకప్పుడు విందు కోసం పిల్లల్ని బలిపించిన చోటే ఇప్పుడు బతికించడానికి పెంచుతున్నారన్నమాట. కాలం ఎంత మారిందో!

జులైలో పెద్ద హంసలు రెక్కల ఈకలు రాల్చి కొన్ని వారాల పాటు ఎగరలేకపోతాయి. పిల్లలున్న జంట ఒకేసారి ఈకలు రాల్చదు. తల్లి ముందు, తండ్రి తర్వాత. ఇద్దర్లో ఒకరికి ఎప్పుడూ రెక్కలుండాలని కాబోలు ఆ ఏర్పాటు. రెండేళ్లకోసారి ఆబట్స్‌బరీలో ఆ సమయం చూసే హంసలన్నింటినీ పోగుచేస్తారు. చిన్న చిన్న పడవల్లో జనం వరుసకట్టి నెమ్మదిగా వాటిని ఒడ్డుకు తోలుకొస్తారు. ఒక్కోదాన్నీ పట్టుకుని, తూచి, ఒళ్లు చూసి, కాలికి కడియం లేకపోతే తొడిగి వదులుతారు.

సీసం మింగిన మెడలు

హంసలకు అసలు గండం మాత్రం నక్కల నుంచీ కాకుల నుంచీ రాలేదు. మనిషి నుంచే వచ్చింది.

పక్షులకు పళ్లుండవు కదా. తిన్న గడ్డి అరగడానికి చిన్న చిన్న రాళ్లు మింగుతాయి. కందనకాయలో ఆ రాళ్లే విసుర్రాయిలా పనిచేస్తాయి. థేమ్స్ లాంటి నదుల్లో గాలం వేసేవాళ్లు దారానికి కట్టే చిన్న చిన్న సీసపు గుళ్లు అడుగున పడిపోయేవి. హంసలు వాటినీ రాళ్లనుకుని మింగేవి. కందనకాయలో సీసం అరిగి రక్తంలో కలిసేది. కండరాలు చచ్చుబడి, ఆ అందమైన మెడ నిలబడలేక వీపు మీదికి వాలిపోయేది. ముందర మేత ఉన్నా మింగలేక ఆకలితో చచ్చిపోయేవి. 1960 ప్రాంతంలో థేమ్స్ మీద పదమూడొందల దాకా ఉన్న హంసలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 1985 నాటికి లండన్ నుంచి హెన్లీ దాకా పిల్లలు కనే జంటలు ఏడే మిగిలాయి. ఏడంటే ఏడే! శాస్త్రవేత్తలు కారణం తేల్చి చెప్పారు. 1987లో ఆ సీసపు గుళ్ల అమ్మకాన్ని బ్రిటన్ నిషేధించింది. తర్వాతి ఏళ్లలో హంసలు మళ్లీ తేరుకున్నాయి. ఒక చిన్న వస్తువును మానుకుంటే ఒక జాతి బతికిందన్నమాట.

ఈ లెక్కలు అంత కచ్చితంగా తెలియడానికి కారణం ‘స్వాన్ అప్పింగ్’ అనే పాత ఆచారం. బ్రిటన్‌లో కాలికి ఎవరి గుర్తూ లేని మూగ హంసల మీద హక్కు రాజుది. థేమ్స్‌లో మాత్రం వింట్నర్స్, డయ్యర్స్ అనే రెండు పాత వర్తక సంఘాలకూ వాటా ఉంది. ఏటా జులై మూడో వారంలో ఎర్ర కోట్లు వేసుకున్న రాజుగారి మనుషులూ, ఆ సంఘాలవాళ్లూ తెడ్ల పడవల్లో బయల్దేరి అయిదు రోజుల పాటు నది మీద తిరుగుతారు. ఒక కుటుంబం కనబడగానే ‘ఆల్ అప్!’ అని కేకేసి చుట్టుముడతారు. పిల్లల్ని తూచి, కొలిచి, దెబ్బలున్నాయేమో చూసి, కడియాలు తొడిగి వదిలేస్తారు. ఒకప్పుడు ఎవరి వంటింటికి ఎన్ని అనేది తేల్చడానికి పెట్టుకున్న లెక్క ఇప్పుడు ఎన్ని బతికున్నాయో చూసుకునే లెక్క అయింది.

ఈ మధ్య ఆ లెక్క మళ్లీ కలవరపెట్టింది. 2022లో 155 పిల్లలు కనిపిస్తే 2023లో 94కి పడిపోయాయి. 2024లో 86 మాత్రమే. 2021 చివర్లో బ్రిటన్‌ను చుట్టుముట్టిన బర్డ్ ఫ్లూ ఒక కారణం. వదిలేసిన కుక్కలు, ఉండేలుతో కొట్టే ఆకతాయిలు ఇంకో కారణం. ఆబట్స్‌బరీ కూడా ఫ్లూ దెబ్బ తిన్నదే. 2008 జనవరిలో అక్కడ చనిపోయిన మూడు హంసల్లో హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. అయినా ఆ మేలో గూళ్లు లేచాయి, గుడ్లు పగిలాయి.

చూసేవాళ్లకు కొన్ని మాటలు

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పార్కు చెరువుల్లో హంసలు పరిచయమే. వసంతంలో గూడు కనిపిస్తే మాత్రం దూరం నుంచి చూడటమే మర్యాద. తండ్రి హంస రెక్కలెత్తి బుసకొట్టిందంటే ‘ఇక చాలు, వెనక్కి వెళ్లండి’ అని అర్థం. కుక్కను వెంట తీసుకెళితే తాడు వదలకూడదు. తల్లిని గూటి మీద నుంచి లేపితే ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడిపోతాయి. తెగిన గాలపు దారాలు ఒడ్డున కనబడితే తీసి చెత్తబుట్టలో వేయడం పిల్లలు కూడా చేయగలిగిన సాయం. అవి మెడకూ ముక్కుకూ చుట్టుకుని ప్రాణాలు తీస్తుంటాయి. ఒంటరిగా కనబడిన పిల్లను ఇంటికి తెచ్చేయకుండా, దగ్గర్లోని పక్షి సంరక్షణవాళ్లకు కబురు చేస్తే సరి.

మన హంస ఏది?

నలుడి కబురు దమయంతికి మోసింది హంస. శ్రీనాథుడు శృంగార నైషధంలో రెక్కలు తొడిగింది దానికే. సరస్వతి వాహనం హంస. పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని చెప్పుకునేదీ దాన్నే. నడకను హంసతో పోలుస్తాం, రాసేటప్పుడు మధ్యలో మాట మరిచిపోతే హంసపాదు పెడతాం. ఇంతా చేస్తే మన చెరువుల్లో హంస గూడు పెట్టదు. మూగ హంసలు మన దేశానికి దారితప్పి చలికాలంలో రావడమే చాలా అరుదు. మన కావ్యాల్లోని హంస హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతు అయ్యుంటుందని చాలామంది పండితుల ఊహ. ఆ బాతులు శీతాకాలంలో పులికాట్ వైపు కూడా వస్తుంటాయి.

అన్నట్టు, డెన్మార్క్‌కు మూగ హంసే జాతీయ పక్షి. ఆ దేశపు కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో రాసిన ‘అందవికారి బాతుపిల్ల’ కథ పిల్లలందరికీ తెలిసిందే. ఆ బూడిద రంగు పిల్ల నిజానికి ఎక్కడా అందవికారంగా ఉండదు. రెక్కల మధ్య నుంచి తల బయటికి పెట్టినప్పుడు చూస్తే ఎవరైనా ఆ మాటే అంటారు.

నాలుగున్నర నెలలకు పిల్లలకు ఎగరడం వస్తుంది. చలికాలమంతా అమ్మానాన్నల దగ్గరే ఉంటాయి. బూడిద రంగు పోయి ఒంటి మీద తెలుపు కమ్ముకుంటుంది. ఆ తెలుపు చూడగానే తండ్రికి అవి పిల్లల్లా కాక పోటీదార్లలా కనబడతాయి. మళ్లీ గూడు కట్టే వేళకు వాటిని తరిమేస్తాడు. అవి కాస్త దూరం ఎగిరి, తమ ఈడు హంసల గుంపులో చేరతాయి. మూడు నాలుగేళ్లకు జోడీ కట్టుకుని తిరిగొస్తాయి. ఆబట్స్‌బరీలో చాలా హంసలు తాము పుట్టిన ఆ రెల్లు ఒడ్డుకే వచ్చి, ముక్కుతో ఒక్కో పుల్లా లాగి గూడు మొదలుపెడతాయి.

ఇంకొన్ని వారాలకు ఆ గూట్లోంచీ ఓ సన్నటి కూత వినిపిస్తుంది.